చదవకుండా మిగిలిపోయిన మూడు వరుసలు

న్యూజెర్సీలో ఉంటున్న ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆమె ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి, విషయం చెడకుండా కుదించి ఇస్తున్నాను.

ఆమెది గుంటూరు జిల్లా. 14 ఏళ్ల క్రితం అమెరికాలో తనతో పనిచేసే ఒక యూదు యువకుణ్ణి పెళ్లి చేసుకున్నారు. మొదట్లో రెండువైపులా పెద్దలు ముభావంగా ఉన్నా, పాప పుట్టిన దగ్గర నుంచి అత్తగారు ఆమెను కన్నకూతురిలా చూసుకుంటూ వచ్చారు. పాపకు ఇప్పుడు 11 ఏళ్లు. వచ్చే ఏడాది బాత్ మిట్స్వా, అంటే ఆడపిల్ల తమ మతధర్మాల బాధ్యతను తన మీద వేసుకునే వేడుక, జరగబోతోంది. దానికోసం పాప వంశవృక్షం తయారు చేయాల్సి వచ్చింది. 78 ఏళ్ల అత్తగారు అలమరలో దాచుకున్న పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి కోడలి చేతిలో పెట్టారు. అందులో రెండు ఫొటోలు, అత్తగారి తాతగారికి ఊళ్లో ఉండిపోయిన చెల్లెలి దగ్గర నుంచి 1936లో వచ్చిన ఒక పోస్టుకార్డు, వార్సా ఆర్కైవ్స్ నుంచి ఎవరో బంధువు ఎప్పుడో తెప్పించిన జనన రిజిస్టరు పేజీ నకలు ఉన్నాయి.

ఆ పేజీలో ఉన్నది అత్తగారి తాతగారి పుట్టుక వివరం. ఆయన 1889లో తార్నోపోల్ దగ్గరి ఒక చిన్న పట్టణంలో పుట్టారు. గలీషియా అని పిలిచిన ఆ ప్రాంతం అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ పోలండ్‌లో ఉంది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. ఆయన 1906లో అమెరికా వచ్చేశారు, తమ్ముడు 1912లో వచ్చాడు. ఒక తల్లి బిడ్డలే అయినా ఇద్దరి ఇంటిపేర్లూ వేరు. ఓడలో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్‌లో గుమాస్తా పేరు తప్పుగా రాశాడని ఇంట్లో చెప్పుకుంటూ వచ్చారు. ఊళ్లో ఉండిపోయిన అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు ఒక్కరు కూడా 1943 దాటి బతకలేదు.

ఈమె రాత్రిళ్లు కూర్చుని ఆ పేజీతో కుస్తీ పట్టారు. పేజీ తలకట్టులో జర్మన్ మాటలు కనిపించడంతో పాత జర్మన్ చేతిరాత నేర్చుకోవడానికి రెండు వారాలు వెచ్చించారు. ఫోన్ యాప్ ఒకలా, కృత్రిమ మేధ ఇంకోలా చదివాయి. చివరికి పరిచయస్తుడొకరు ఒక గడిలో గీసిన గీతను చూసి, ఆ గడి పైన ‘ఉన్‌ఏలిఖ్’ అని ఉందని, అంటే అక్రమ సంతానమని, తండ్రి గడి ఖాళీగా ఉందని చెప్పారు. చిక్కుముడి వీడిందన్న ఉత్సాహంలో పాస్‌ఓవర్ పండుగ రాత్రి, అందరూ భోజనాల దగ్గర ఉండగా, ఈమె ఆ మాట చెప్పేశారు. అత్తగారు చెంచా కింద పెట్టి లేచి వెళ్లిపోయారు. ఆరు వారాలుగా కోడలితో నేరుగా మాట్లాడటం లేదు. భర్త “పోయినవాళ్ల సంగతులు తవ్వడం ఎందుకు” అంటున్నారు. ఆడపడుచు ఆ వివరం వంశవృక్షంలోంచి తీసేసి, డబ్బా తిరిగి ఇచ్చేయమంటోంది.

“బయట నుంచి వచ్చిన కోడలిని, నేను తవ్వకూడనిది తవ్వానా? ఇది నిజమేనా, తప్పు చదివామా? ఇప్పుడు ఆపేయనా, కొనసాగించనా?” అని ఆమె అడుగుతున్నారు. రిమార్కుల గడిలో మూడు వరుసలు ఎవరికీ అర్థం కాలేదని, వాటిని పల్చటి కాగితం పెట్టి అచ్చుగా దిద్ది ఉత్తరంతో పాటు పంపారు.

అమ్మా, మీ ప్రశ్నలకు జవాబు చెప్పేముందు ఒక విషయం మీ దృష్టికి తేవాలి. మీరు ఇంట్లో చెప్పినది సగం చదివిన పేజీ. ఏ గడిలో గీత ఉందో చూశారు, ఏ గడి ఖాళీగా ఉందో చూశారు, కాని ఆ పేజీలో ఒక మనిషి కూర్చుని వివరంగా రాసిన మూడు వరుసలను చదవకుండానే తీర్పు బయటికి వచ్చేసింది. అందులో మీ తప్పు కొంతే. ఇలాంటి రికార్డులు చదివేవాళ్లందరూ ముందు చిన్న గడులే చూస్తారు, ఎందుకంటే అవి తేలిగ్గా చదవొస్తాయి.

ముందు ఆ గడి సంగతి. 1772లో పోలండ్‌ను పంచుకున్నప్పుడు గలీషియా ఆస్ట్రియా చేతికి వచ్చింది. అప్పటి నుంచి ప్రభుత్వం యూదుల పెళ్లిళ్లకు అనుమతులు, రుసుములు పెట్టింది. 1812 నుంచి కొంతకాలం పాటు, ప్రభుత్వం ఆమోదించిన ఒక జర్మన్ ధర్మబోధ పుస్తకంలో పరీక్ష నెగ్గితే తప్ప వధూవరులకు అనుమతి దొరికేది కాదు. దానితో సామాన్యులు అనుమతి జోలికి పోకుండా తమ ఆచారం ప్రకారం హుప్పా అనే పందిరి కింద పదిమంది ముందు పెళ్లి చేసుకుని, కెతుబా అనే వివాహపత్రం రాయించుకుని కాపురాలు చేసుకున్నారు. 1867 రాజ్యాంగం సమాన హక్కులు ఇచ్చి, పాత అడ్డంకులు తొలగిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు. దేవుడి ముందు అయిన పెళ్లికి సర్కారు ముద్ర ఎందుకని చాలామంది అనుకున్నారు. సర్కారు మాత్రం తన రిజిస్టరులో లేని పెళ్లిని పెళ్లిగా గుర్తించలేదు. అందువల్ల ఆ దంపతులకు పుట్టిన పిల్లలు చట్టం దృష్టిలో అక్రమ సంతానమయ్యారు, తల్లి ఇంటిపేరు మీద నమోదయ్యారు. జర్మన్‌లో ‘ఉన్‌ఏలిఖ్’ అన్నా, పోలిష్‌లో దాని పక్కనే అచ్చువేసిన ‘నియెష్లుబ్‌నె’ అన్నా ఆ గుమాస్తా చెబుతున్నది ఇంతే: ఈ బిడ్డ తల్లిదండ్రుల పెళ్లి నా పుస్తకంలో లేదు.

మీ అమ్మమ్మగారి పెళ్లికి సర్టిఫికెట్ ఉందేమో ఒకసారి అడిగి చూడండి. మన ఉమ్మడి రాష్ట్రంలో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేసే చట్టం 2002లో గాని రాలేదు. అంతకుముందు పందిట్లో తాళి కట్టి ఏడడుగులు నడిస్తే అది పెళ్లే, చట్టం కూడా దాన్ని ఒప్పుకుంది. ఒప్పుకోకపోయి ఉంటే మీ అమ్మగారి పేరు పక్కన, మా అమ్మగారి పేరు పక్కన కూడా అదే గీత పడేది. పిల్లలు గ్రీన్ కార్డుకు పెట్టినప్పుడు 35 ఏళ్ల కాపురం తర్వాత రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి, పక్కన సాక్షుల్ని నిలబెట్టుకుని పెళ్లి నమోదు చేయించుకున్న తల్లిదండ్రులు మీకు తెలిసినవాళ్లలోనే ఉంటారు. గలీషియాలోనూ అచ్చంగా అదే జరిగింది. ఆస్తి పంపకమో, పిల్లల ప్రయాణమో, ఏదో ఒక కాగితం పనో పడినప్పుడు, నలుగురైదుగురు పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యాక ఆ దంపతులు వెళ్లి సర్కారు పెళ్లి చేయించుకునేవారు.

దీన్ని నా మాట మీద నమ్మక్కర్లేదు. సాక్ష్యం మీ చేతిలోనే ఉంది. మీ దగ్గరున్నది ఒక్క మనిషి వివరం కత్తిరించిన ముక్క కాదు, నిండు పేజీ. మీ అత్తగారి తాతగారి వరుసను కాసేపు పక్కన పెట్టి, దాని పైన, కింద ఉన్న వరుసల్లో ఆ గడిలో ఏముందో చూడండి. ఎంతమంది పిల్లల పేర్ల ఎదుట అదే గీత ఉందో లెక్కపెట్టండి. ఆ కాలపు గలీషియా యూదు రిజిస్టర్లలో ఇలాంటి నమోదులు వరసపెట్టి కనిపిస్తాయి. ఒక చిన్న పట్టణంలో అంతమంది తల్లులు నీతి తప్పారని ఎవరూ అనుకోరు. ఆ లెక్కను మీరే వేసి మీ అత్తగారి ముందు పెట్టగలిగితే, నా ఉత్తరం కన్నా, ఏ నిపుణుడి మాట కన్నా అది బలంగా పనిచేస్తుంది.

యూదు ధర్మశాస్త్రం సంగతి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మీ అత్తగారిని కలచివేసినది చట్టం కాకపోవచ్చు. ఆ శాస్త్రం ప్రకారం హుప్పా కింద జరిగిన పెళ్లి సంపూర్ణమైన పెళ్లి. అసలు పెళ్లే కాని తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డకు సైతం ఆ శాస్త్రం దోషం అంటగట్టదు. ‘మామ్జేర్’ అని వాళ్లు పిలిచే దోషం, ఇంకొకరి భార్య పరపురుషుడి వల్ల కన్న బిడ్డకు, నిషిద్ధమైన రక్తసంబంధంలో పుట్టిన బిడ్డకు, వాళ్ల సంతతికి మాత్రమే వర్తిస్తుంది. మీ కుటుంబం వెళ్లే సినగాగ్, అంటే యూదుల ప్రార్థనామందిరంలోని రబ్బీని, అంటే మతగురువును, ఎవరైనా అడిగితే రెండు నిమిషాల్లో ఇదే చెబుతారు. ఆ అడగడం మీ భర్తో, ఆడపడుచో చేస్తే మేలు.

ఇక అన్నదమ్ముల ఇంటిపేర్లు. ఎల్లిస్ ఐలండ్‌లో గుమాస్తా పేర్లు మార్చేశాడన్న కథ అమెరికాలో వేలాది కుటుంబాల్లో చెప్పుకునేదే. నిజానికి అక్కడి తనిఖీ అధికారులు కొత్తగా పేర్లు రాసుకునేవారు కారు. ఓడ ఎక్కిన రేవులో తయారైన ప్రయాణికుల జాబితా చేతిలో పెట్టుకుని, దానితో మనుషుల్ని సరిచూసుకునేవారు. మీ ఇంట్లో అన్నకు ఒక పేరు, తమ్ముడికి ఒక పేరు ఎందుకొచ్చాయో చెప్పగలిగింది ఈ రిజిస్టరే. అన్న 1906లో వచ్చేటప్పటికి ఆయన కాగితాల్లో తల్లి ఇంటిపేరే ఉంది. తర్వాత ఏదో జరిగి, 1912లో తమ్ముడు తండ్రి ఇంటిపేరుతో వచ్చాడు. ఆ నడుమ ఏం జరిగి ఉంటుందో చెప్పగలిగినవి ఆ మూడు వరుసలు.

మీరు దిద్ది పంపిన కాగితాన్ని దీపం కింద పెట్టుకుని చాలాసేపు చూశాను. అసలు పేజీ చూడకుండా ఇది చదివాను అని చెప్పడం మళ్లీ అదే తొందరపాటు అవుతుంది కాబట్టి, నాకు కనిపించినవి మాత్రం చెబుతాను. మొదటి వరుసలో మీరు ‘ఒకే అక్షరం రెండుసార్లు వంకరగా’ అని పక్కన రాసినది, చుక్కలు పెట్టిన ‘సి’, ‘కె’ అనే రెండు లాటిన్ అక్షరాలు. పోలిష్‌లో అది ‘చక్రవర్తికీ రాజుకూ చెందిన’ అనే బిరుదుకు పొట్టి రూపం. ఆస్ట్రియా ప్రభుత్వ కార్యాలయాల పేర్ల ముందు వచ్చేది. దాని తర్వాతి పొడవాటి మాట ‘ఎస్’తో మొదలై ‘స్త్వ’ దగ్గర ముగుస్తున్నట్టుంది; జిల్లా కార్యాలయాన్ని వాళ్లు ‘స్తరోస్త్వో’ అనేవారు. రెండో వరుసలో ‘ఎల్’ అక్షరం, చుక్క, నాలుగు అంకెలు ఉన్నాయి. పోలిష్ దఫ్తర్లలో ‘ఎల్’ అంటే ‘లిచ్‌బ’, మన ఆఫీసుల్లో ‘నెం.’ లాంటిది. చివర మీరు ఇంటి నంబరు అనుకున్న 910 తేదీలోని సంవత్సరం కావచ్చు. ఆ కాలంలో మొదటి 1 వదిలేసి సంవత్సరాన్ని మూడంకెలతో రాయడం ఉండేది. అంటే 1910. ఇవన్నీ సరిపోతే, 1910లో జిల్లా కార్యాలయం ఇచ్చిన ఏదో ఉత్తర్వును ఆ గుమాస్తా ఇక్కడ ఎక్కించాడు. తల్లిదండ్రులు సర్కారు పెళ్లి చేసుకుని ముందు పుట్టిన పిల్లల్ని సక్రమ సంతానంగా మార్పించుకున్నప్పుడు ఇలాంటి రాతే వస్తుంది. తమ్ముడు 1912లో తండ్రి పేరుతో రావడానికి అది అతికినట్టు సరిపోతుంది. అయితే సరిగ్గా అతికే కథ దొరికినప్పుడే కళ్లు మోసపోతాయి. పేరు దిద్దుబాటు గురించో, నకలు జారీ చేసిన సంగతో రాసినా ఇవే అక్షరాలు ఉంటాయి. మూడో వరుసలో ‘ష్లుబ్’ అనే మాట, అంటే పెళ్లి, ఉందో లేదో తేలేదాకా ఇంట్లో ఎవరికీ ఏదీ చెప్పకండి.

మీ రెండు వారాల శ్రమ ఎందుకు ఫలించలేదో కూడా ఇక్కడే ఉంది. అలాంటి పేజీల తలకట్టు రెండు భాషల్లో అచ్చయి ఉంటుంది, కాని లోపల చేత్తో నింపినది ఆ కాలంలో ఎక్కువగా పోలిష్‌లో, మామూలు లాటిన్ అక్షరాల్లో. మీరు నేర్చుకున్న కుర్రెంట్ అనే పాత జర్మన్ రాతలో ‘ఇ’ అక్షరం మనకు ‘ఎన్’ లాగా కనిపిస్తుంది, ‘యు’ మీద చిన్న కొడవలి గీత ఉంటుంది. ఆ కళ్లతో పోలిష్ రాతను చూస్తే ప్రతి మాటా చెడుతుంది. మీ ఫోన్ యాప్ కూడా భాష జర్మన్ అనుకుని చదివింది కనుకనే అర్థంలేని మాటలు ఇచ్చింది. కృత్రిమ మేధతో ఇంకో ప్రమాదం ఉంది. అది చదవలేని చోట ఆగదు, అక్కడ రావడానికి వీలున్న మాటను నున్నగా పూరిస్తుంది. మీ అనుమానం ఏమిటో దానికి ముందే చెబితే ఆ అనుమానాన్నే తిరిగి మీ చేతిలో పెడుతుంది. వాడితే వాడండి, కాని మీ కుటుంబ కథ దానికి చెప్పకండి, అనువాదం అడగకుండా ముందు ఉన్నది ఉన్నట్టు అక్షరాలు రాసిమ్మనండి.

మా తాతగారి పొలం దస్తావేజు ఒకటి గొలుసుకట్టు రాతలో ఉండేది. కలం ఎత్తకుండా మాటల్ని ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయే కరణంగారి రాత అది. తూర్పు హద్దులో ఉన్న మాటను నేను ‘పుట్ట’ అని చదివాను, ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. అదే చేతిరాతలో కింద ఇంకోచోట అదే ఆకారం ‘బండ్లు’ అన్న మాట పక్కన కనిపించాక అది ‘పుంత’ అని తేలింది, అంటే బండ్లబాట. పొలానికి దారి హక్కు ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. అప్పటి నుంచి ఏ భాష రాత చూసినా నేను పాటించే పద్ధతి ఒకటే: తెలియని మాట దగ్గర మొదలుపెట్టను. మీ పేజీలో తెలిసిన మాటలు చాలా ఉన్నాయి. ఊరి పేరు ప్రతి వరుసలో వస్తుంది. నెలల పేర్లు వస్తాయి. మోషే, ఖాయా, రుఖ్‌ల్ లాంటి పేర్లు పదేపదే వస్తాయి. ‘త్సుర్క’ అనే మాట, అంటే కూతురు, తల్లుల గడిలో ప్రతి వరుసలో ఉంటుంది, ఎందుకంటే ఆ తల్లి ఎవరి కూతురో అక్కడ రాస్తారు. వీటిలోంచి ఆ గుమాస్తా ‘ఎస్’ ఎలా రాస్తాడో, ‘ఎల్’కు అడ్డగీత ఎక్కడ పెడతాడో, ఏడంకె నడుముకు గీత ఉందో లేదో ఒక తెల్లకాగితం మీద వరసగా దిద్దుకోండి. అదే మీ బాలశిక్ష. ఆ తర్వాత ఆ మూడు వరుసల్లోకి దిగితే, సగం అక్షరాలు వాటంతట అవే పలుకుతాయి.

రిమార్కుల్లో ఇంటిపేర్ల నడుమ ‘వెల్’, ‘రెక్టె’, ‘ఫాల్సె’ అనే లాటిన్ మాటలు కనిపిస్తే కంగారుపడకండి. మొదటిది ‘లేదా’, రెండోది ‘సరైన పేరు చెప్పాలంటే’, మూడోది ‘తప్పుగా పిలుస్తున్నది’. తల్లి పేరుతో, తండ్రి పేరుతో ఒకే మనిషిని పిలిచే ఊళ్లలో గుమాస్తాలు ఆ మూడు మాటలతోనే నెట్టుకొచ్చారు. ‘ఫాల్సె’ అని ఉన్నంత మాత్రాన దొంగపేరు పెట్టుకున్నాడని కాదు.

మీరు చదివినది ఇంకొకరితో సరిచూపించాలి. యూదుల వంశచరిత్రల వెబ్‌సైట్ జ్యూయిష్‌జెన్ నడిపే వ్యూమేట్‌లో బొమ్మ పెడితే పోలిష్ తెలిసిన స్వచ్ఛంద సేవకులు చదివి పెడతారు. డబ్బిచ్చి అనువాదకుణ్ణి పెట్టుకోవచ్చు. రెండూ చేయగలిగితే రెండూ చేయండి, కాని ఒకరు చదివినది ఇంకొకరికి చూపించకండి. ఇద్దరూ విడివిడిగా ఒకే మాట చెబితే నమ్మవచ్చు. పంపేటప్పుడు మీ వరుసను కత్తిరించి కాకుండా పేజీ మొత్తం పంపండి, ఎందుకంటే వాళ్లకూ పోల్చుకోవడానికి అదే చేతిరాతలోని మిగతా మాటలు కావాలి. గలీషియా మీదే పనిచేసే గెషర్ గలీషియా, పోలండ్ యూదు రికార్డులకు సూచికలు తయారుచేసే జె.ఆర్.ఐ. పోలండ్ జాబితాల్లో అదే తల్లి పేరుతో, అదే ఇంటి నంబరుతో మిగతా పిల్లలు ఎప్పుడెప్పుడు నమోదయ్యారో వెతకండి. ఒకే ఇంట్లో, ఒకే తల్లికి పదేళ్లలో నలుగురు పిల్లలు కనిపిస్తే, అది కాపురం. దానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు మీ అత్తగారి గురించి. ఆమె కోపాన్ని మీరు ‘ఛాందసం’ అని ఒకచోట రాశారు. నేను అలా అనుకోవడం లేదు. ఆమెకు తాతగారు 14 ఏళ్లు వచ్చేదాకా ఎదురుగా తిరిగిన మనిషి. ఆయన తల్లి గురించి ఆమెకు తెలిసినదల్లా ఆయన నోటి వెంట విన్నదే. ఆ ఇంటి ఆడవాళ్లు, ఆ తల్లి కూతుళ్లు, మనవరాళ్లు సమాధి కూడా లేకుండా పోయారు. వాళ్ల తరఫున మాట్లాడటానికి మిగిలిన చివరి మనిషి ఆమె. అలాంటి మనిషి ముందు, పండుగ పూట, అందరూ వింటుండగా, ఆ తల్లి పేరు పక్కన ఆ మాట పడింది. పైగా వాళ్ల గురించి కాగితాలు రాసి, గడుల్లో గీతలు పెట్టి మనుషుల్ని విడగొట్టిన ప్రభుత్వాలు ఆ జాతికి ఏం చేశాయో ఆమెకు తెలుసు. అది ఆస్ట్రియా చక్రవర్తి కాలం నాటి గడి, 1941 తర్వాత నాజీలతో వచ్చిన గడి వేరు అని మనం పుస్తకం చూసి చెప్పగలం. ఆ క్షణంలో ఆమెకు ఆ తేడా తట్టాలని కోరడం న్యాయం కాదు.

కనుక మీరు తవ్వకూడనిది తవ్వారా అంటే, లేదు. డబ్బా ఆమె చేత్తో మీ చేతిలో పెట్టారు. సొంత కూతురికి కాకుండా మీకే ఎందుకిచ్చారో మీరూ ఆలోచించే ఉంటారు. చెప్పిన చోటు, చెప్పిన తీరు మాత్రం తప్పు. క్షమాపణ ఆ తప్పుకే చెప్పండి. “నేను చదవడమే పొరపాటు” అని మొత్తానికి క్షమాపణ చెప్పేస్తే ఇప్పటికి గొడవ సద్దుమణుగుతుంది, కాని ఆ గడిలో నిజంగానే ఏదో అవమానం ఉందని మీరు ఒప్పుకున్నట్టు అవుతుంది. అది ఆ తల్లికి ఇంకోసారి జరిగే అన్యాయం.

ఇక మీ ముందున్న దారులు. ఆడపడుచు చెప్పినట్టు తీసేయవచ్చు. వంశవృక్షంలో పుట్టిన తేదీ, ఊరు, తల్లి పేరు ఉంచి మిగతాది రాయకపోతే ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు, ఇంట్లో శాంతి వెంటనే వస్తుంది. కాని వందేళ్లు దాటిన జనన రికార్డులు పోలండ్‌లో ఎవరైనా చూడవచ్చు, చాలావాటి బొమ్మలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. మీ పాపే ఇరవయ్యో ఏట ఒక రాత్రి ఆ పేజీని ఒంటరిగా చూసి, వివరించేవాళ్లు పక్కన లేకుండా ఆ ఒక్క మాట చదువుకోవచ్చు. ఇంట్లో దాచిపెట్టారని తెలిస్తే ఆ మాట ఇంకా పెద్దదవుతుంది.

లేదా ఉన్నది ఉన్నట్టు పెట్టి, పక్కన నాలుగు వాక్యాల వివరణ రాయవచ్చు. నాకు ఇదే సరైనదనిపిస్తుంది, కాని అత్తగారి సమ్మతి లేకుండా చేస్తే మీరు గెలిచినట్టూ ఆమె ఓడినట్టూ ఉంటుంది. బాత్ మిట్స్వా నాటికి ఆమె ముందు వరుసలో సంతోషంగా కూర్చోవాలంటే ఆ వివరణలో ఆమె మాట కూడా ఉండాలి. తాతగారు తన తల్లి గురించి ఏం చెప్పేవారో ఆమె చేత చెప్పించి, ఆ మాటల్నే ముందు పెట్టి, రిజిస్టరు సంగతి దాని కింద రాయండి.

మూడోది, వేడుక అయ్యేదాకా ఈ విషయాన్ని పక్కన పెట్టడం. ఆ ఏడాదిలో మీరు రికార్డులు నిదానంగా చదవవచ్చు. మీ భర్తకు ఇది నచ్చుతుంది. దీనిలో నష్టం ఒక్కటే, అది చిన్నది కాదు: అత్తగారికి 78 ఏళ్లు. ఆమె తప్ప తాతగారిని కళ్లారా చూసినవాళ్లు ఇక ఎవరూ లేరు.

ఒకవేళ ఆ మూడు వరుసల్లో పెళ్లి మాట లేకపోతే? తండ్రి ఎవరో చివరిదాకా తేలకపోతే? అప్పుడు కూడా మీరు చెప్పగలిగింది మిగిలే ఉంటుంది. ఆ తల్లి బిడ్డను పెంచింది, పేరు పెట్టింది, తన ఇంటిపేరు ఇచ్చింది, ఆ పేరే మీ అత్తగారి పుట్టింటి పేరై అమెరికాలో నిలిచింది. తేలనిదాన్ని తేలలేదని రాయండి. ఊహతో పూరించకండి.

చివరగా ఆ పోస్టుకార్డు. అది తూర్పు యూరప్ యూదులు మాట్లాడిన యిద్దిష్ భాష అని, హీబ్రూ అక్షరాల్లో చేత్తో రాసి ఉందని, అందుకే దాన్ని పక్కన పెట్టేశానని రాశారు. అదే ఉత్తరంలో ఇంకోచోట, అత్తగారికి చిన్నప్పుడు నానమ్మ యిద్దిష్‌లోనే మాట్లాడేదని, ఇప్పటికీ వింటే అర్థమవుతుందని, చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదని కూడా రాశారు. అమెరికాలో మన పిల్లలకు తెలుగు ఎలాగో ఆమెకు యిద్దిష్ అలాగన్నమాట. ఈ రెండు వాక్యాలనూ మీరు పక్కపక్కన పెట్టి చూడలేదు. యిద్దిష్‌లో చాలా మాటలను పలికినట్టే రాస్తారు. మూల అక్షరాలు 22, కొన్నింటికి మాట చివర వేరే రూపాలు. అచ్చక్షరాలకూ చేతిరాతకూ పోలిక తక్కువ కాబట్టి చేతిరాత పట్టిక వేరేగా తెచ్చుకోండి. మీ పాప బాత్ మిట్స్వా కోసం అచ్చక్షరాలు ఇప్పటికే నేర్చుకుంటూ ఉంటుంది, ఆమె సాయం తీసుకోండి. హీబ్రూ నుంచి వచ్చిన మాటలు అచ్చుల గుర్తులు లేకుండా పాత పద్ధతిలోనే ఉంటాయి, అక్కడ నత్తి పడుతుంది. ఆ మాటను వదిలేసి ముందుకు పోండి.

మీకు అర్థం తెలియనక్కర్లేదు. మీరు, పాప కూడబలుక్కుని చదివితే చాలు. చెల్లెలు అన్నకు రాసిన కార్డు కాబట్టి మొదటి వరుస ‘తైఎరెర్ బ్రూదెర్’ అని ఉండవచ్చు, ‘ప్రియమైన అన్నయ్యా’ అని. ఆమె ఇంటికి వెళ్లి, ముందు ఆ రాత్రి సంగతికి క్షమించమని అడిగి, ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఇది మాకు చదవడం వచ్చింది గాని అర్థం తెలియడం లేదు, కాస్త విని చెప్పండి అత్తయ్యా అని అడగండి. కుడివైపు నుంచి మొదలుపెట్టండి. చోటు చాలక అంచుల వెంబడి అడ్డంగా రాసిన వరుసలు కూడా ఉంటాయి, వాటిని చివరికి ఉంచుకోండి.